ఉప్పు పద్నాలుగు

సాలమోను నాతో అబద్ధం చెప్పాడని మధ్యాహ్నం మూడూ పదికి తెలిసింది. అప్పటిదాకా అతని తరఫున గొంతు చించుకుని వాదించింది నేనే. ఒళ్ళు మండిపోయింది.

నా పేరు ప్రసన్నకుమారి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు ఇరవై ఆరేళ్ళు చెప్పి రిటైరయ్యాను. చచ్చిన బండి ఎందుకు చచ్చిందో తేల్చి, కాగితం మీద రాసి, సంతకం పెట్టడం ఇప్పుడు నా పని. అమలాపురంలో కొందరు నన్ను ఇంజన్ల డిటెక్టివని వేళాకోళం చేస్తారు. చేసుకోనీండి, కోర్టులో నా సంతకం చెల్లుతుంది.

ఈ కేసు నా దగ్గరికి తెచ్చింది సాలమోను భార్య కృపమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మగారూ, ముప్ఫై ఏళ్ళు బండి తోలేడండి, కోడిపిల్లని కూడా తొక్కలేదు. ఇప్పుడు మనిషిని చంపేడంటున్నారండి," అంది. ఏడవలేదు. ఏడుపు అప్పటికే అయిపోయిన మొహం అది.

జరిగింది ఇది. పదమూడు రోజుల కిందట, మంగళవారం, మండుటెండ. ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుల మధ్య కాపురముండే సూర్యావతి అనే ఆవిడకి గుండెనొప్పి వచ్చింది. కొడుకు విజయకుమార్ ప్రైవేటు అంబులెన్సుకి ఫోన్ చేశాడు. బండిలో జీపీఎస్ ఉంది కాబట్టి టైములు నిమిషాలతో సహా నా సంచిలో ఉన్నాయి. పదకొండూ నలభై నాలుగుకి సాలమోను అమలాపురంలో బయల్దేరాడు. పన్నెండూ ఐదుకి ఆ ఇంటి దగ్గర ఆగాడు. పన్నెండూ ఇరవైకి పేషెంటుతో తిరిగి బయల్దేరాడు. పన్నెండూ ముప్ఫై నాలుగుకి, తొమ్మిది కిలోమీటర్లు వచ్చాక, కాలవ గట్టు మీద ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. ఇంకో బండి వచ్చేసరికి అరగంట పట్టింది. ఆసుపత్రికి చేరేసరికి సూర్యావతి ప్రాణం పోయింది. ఒక్క అరగంట ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని విజయకుమార్ పోలీసు కంప్లయింటు ఇచ్చాడు. ఇంజన్ కాలిపోతున్నా లెక్కచెయ్యకుండా తోలి, దారిలో బండి ఆపేసి, తల్లి చావుకి కారణమయ్యాడని సాలమోను మీద కేసు. బెయిల్ మీద ఉన్నాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఇంజన్ రిపోర్టులు స్టేషన్‌లో ఇవ్వాలి. నాది ఒకటి, బండి యజమాని తరఫు సర్వేయరు హరిబాబుది ఒకటి. ఏది నిలబడితే సాలమోను జీవితం అటు.

బండి తాతబ్బాయి షెడ్డులో ఉంది. తాతబ్బాయి నా దగ్గర చదివిన మెకానిక్. నేను వెళ్ళేసరికి రెండూ ఇరవై. ఇంజన్ పైమూత, అదే హెడ్డు, దాని బోల్టులు వదులు చేస్తున్నాడు. సాలమోను ఓ పక్కన ఇసక బస్తా మీద కూర్చున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పరీక్షకి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"చెప్పు సాలమోనూ. ఆ ఇంటికి చేరేసరికే బండి వేడెక్కిందా?"

"ఆయ్. బానెట్టు లోంచి ఆవిరొచ్చిందండి. ఇంజనాపేసి స్ట్రెచరట్టుకుని లోపలికెళ్ళిపోయేనండి. ఇల్లు రోడ్డు మీద లేదండి, గట్టు మీద నడిచెళ్ళాలి."

"నీతో ఎవరొచ్చారు?"

"చెరువు కాపలా అతనండి. నేనూ అతనూ మోసుకొచ్చేం."

"మరి రేడియేటర్‌లో నీళ్ళెప్పుడు పోశావు?"

అతను నేల చూశాడు. "ముందేనండి. వెళ్ళేటప్పుడు దార్లో. కాలవ దగ్గర ఆపి నేనే పోసేనండి."

"తిరుగు దారిలో వేడి చూపించే మీటరు ముల్లు ఎక్కడుంది?"

"మొదట పైనే ఉందండి, ఎర్రగీత దాటలేదు గానీ. ఓ పది నిమిషాలకి దిగిపోయింది. హమ్మయ్య, చల్లారిందనుకున్నాను. దేవుడు చూశాడనుకున్నానండి." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "దిగిందండీ ముల్లు. ఎవరూ నమ్మట్లేదు."

"నేను నమ్ముతున్నాను. మంచినీళ్ళు తాగు."

అప్పుడే షెడ్డు బయట కారాగింది. హరిబాబు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఇతనూ నా దగ్గరే చదివాడు, ఆ సంగతి గుర్తుచేస్తే మొహం మాడ్చుకుంటాడు. వెనకే మోటారుసైకిలు మీద విజయకుమార్ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. కర్మలో తీసిన గుండు మీద ఇప్పుడిప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి అరచేతి దాకా ఎర్రగా కమిలిన మచ్చ. తల్లి చితి దగ్గర కాలి ఉంటుందనుకున్నాను. అతను సాలమోను వైపు చూడకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, మీకెందుకండీ ఈ ఎండలో శ్రమ? నా రిపోర్టు అయిపోయింది," అన్నాడు హరిబాబు. "ముల్లు ఎర్రగీత దాటింది. డ్రైవరు ఆపలేదు. హెడ్డు వంగిపోయింది. అంతే."

"హెడ్డు విప్పకుండానే వంగిందని ఎలా తెలిసింది నాయనా?"

"అనుభవం మేడమ్."

"అబ్బో! అయితే ఆ అనుభవంతో ఈ స్కేలు పట్టుకో."

తాతబ్బాయి హెడ్డు ఎత్తి బల్ల మీద తిరగేశాడు. నేను అడుగుభాగం గుడ్డతో తుడిచి, ఉక్కు స్కేలు మూల నుంచి మూలకి పెట్టించాను. ఇంజన్ నిజంగా ఎర్రగీత మీద చాలాసేపు పరిగెత్తితే, అల్యూమినియం హెడ్డు ఆ సెగకి వంగుతుంది. స్కేలు కింద సందు వస్తుంది. ఆ సందులోకి రేకు బ్లేడు పెట్టి ఎంత వంగిందో కొలుస్తాం. నేను అన్నిటికన్నా సన్నటి బ్లేడు తీశాను.

"దూర్చు హరిబాబూ."

దూర్చబోయాడు. వెళ్ళలేదు. ఇంకో మూల నుంచి పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, ఎక్కడా వెళ్ళలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"ఏం, అనుభవం దూరట్లేదా?" అన్నాను. తాతబ్బాయి మొహం తిప్పుకుని నవ్వాడు.

"మరి ముల్లు దిగిందంటాడేంటండీ? ఉడుకుతున్న ఇంజన్‌లో ముల్లు ఎక్కడైనా దిగుతుందా? పచ్చి అబద్ధం!" హరిబాబు గొంతు పెంచాడు.

"సెకండియర్‌లో చెప్పాను. ఆ రోజు నువ్వు మాట్నీకెళ్ళుంటావు. ముల్లు కొలిచేది ఇంజన్ వేడి కాదు, నీళ్ళ వేడి. దాని సెన్సరు నీళ్ళలో మునిగున్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్ళు అడుగంటితే ఉత్త గాలిలో వేలాడుతుంది, అప్పుడు ముల్లు కిందికే వస్తుంది. చూసేవాడికి చల్లారినట్టే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ డ్రైవరైనా మోసపోతాడు."

సాలమోను తలెత్తి నా వైపు చూశాడు. పదమూడు రోజుల్లో నలుగురి ముందు అతన్ని నమ్మిన మొదటి మాట అది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"అయితే నీళ్ళెటు పోయాయి?" అని మొదటిసారి నోరు విప్పాడు విజయకుమార్.

"అదే చూద్దాం బాబూ."

నాలుగు సిలిండర్లలో మూడు మసితో నల్లగా ఉన్నాయి. రెండోది మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. అంటే నీళ్ళు అందులోకి కారి, ఆవిరై, మసినంతా కడిగేశాయి. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంది. హెడ్డుని వెలుతురులోకి తిప్పి, రెండో సిలిండరు పైభాగం మీద భూతద్దం పెట్టాను. రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత సన్నటి పగులు. పాత పగులైతే లోపల మసి పట్టి నల్లగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. ఆ రోజు పడిందే.

"ఇది సెగకి వంగిన హెడ్డు కాదు," అన్నాను. "సలసలా కాగుతున్న ఇంజన్‌లో ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే పగిలిన హెడ్డు. ఆ పగులులోంచే మిగతా నీళ్ళు సిలిండరులోకి పోయి ఇంజన్ ఆగింది. డ్రైవరు ఎర్రగీత మీద తోలలేదు."

గెలిచాననుకున్నాను. వయసొచ్చినా ఆ తొందర పోలేదు నాకు.

హరిబాబు నెమ్మదిగా నవ్వాడు. "చాలా థ్యాంక్సండీ మేడమ్. నా పని మీరే చేసి పెట్టేరు. చన్నీళ్ళు పోసిందెవరు? పోలీసుల దగ్గర తనే చెప్పేడుగా, కాలవ దగ్గర ఆపి నేనే పోసేనని! ముప్ఫై ఏళ్ళ డ్రైవరుకి కాగిన ఇంజన్‌లో చన్నీళ్ళు పొయ్యకూడదని తెలీదా?" బండి సీటు వెనక నుంచి ఐదు లీటర్ల తెల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. సగం నీళ్ళున్నాయి, మూత బిగించి ఉంది. "ఇదిగో సాక్ష్యం. దీంతోనే పోసేడు."

"అంటే," అన్నాడు విజయకుమార్. పళ్ళ మధ్య నుంచి వచ్చింది మాట. "ఆ చన్నీళ్ళు పోసినోడే మా అమ్మని పొట్టన పెట్టుకున్నాడన్నమాట. వీడే!"

సాలమోను చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కాదనలేదు.

కృపమ్మ మొహం కళ్ళ ముందు కనబడింది. నా స్కేలూ నా భూతద్దమూ కలిసి ఆవిడ మొగుణ్ణి తిన్నగా జైలుకి పంపిస్తున్నాయి. ఏదో ఒకటి చెయ్యాలని డబ్బా మూత తీశాను. వాసన చూశాను. పాచి వాసన. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పగా ఉంది.

మూడూ పది. మా కాలవల్లో పారేది గోదారి నీళ్ళండీ, చప్పగా, తియ్యగా ఉంటాయి. వాటిలో ఉప్పెందుకుంటుంది? సంచిలోంచి జీపీఎస్ కాగితం లాగి చూశాను. పదకొండూ నలభై నాలుగు నుంచి పన్నెండూ ఐదు దాకా బండి చక్రం ఆగనే లేదు. ఏ కాలవ దగ్గరా ఆగలేదు. కోపంతో సాలమోను జబ్బ పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాను.

"నాతో అబద్ధం చెబుతావా? నువ్వు దారిలో ఆగలేదు. ఆ నీళ్ళు కాలవవి కావు. ఎక్కడివి?"

"కాలవవేనండి."

"సాలమోనూ!"

"టీచరమ్మగారూ, మీ కాళ్ళట్టుకుంటాను. వదిలెయ్యండి. నేనే పోసేనని రాసెయ్యండి. కృపమ్మకి నేను చెప్పుకుంటాను."

"జైలుకి పోతావురా నాయనా! లైసెన్సు పోతుంది. ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది."

"పోతే నాదొక్కడిదే పోద్ది కదండీ," అన్నాడు.

ఎవరినో కాస్తున్నాడని అర్థమైంది. యజమానినేమో అనుకున్నాను. బండి యజమాని పాత నౌకరు నోరు మూయించడం కొత్త సంగతేం కాదు. ఆ కోపంలో గబగబా లోపలికి వచ్చాను. ఉప్పు ఎంతుందో అంకెల్లో తేలిస్తే, ఆ నీళ్ళు ఎక్కడివో కనుక్కోవచ్చు. రొయ్యల చెరువులున్నవాడి దగ్గర దానికి మీటరు లేకుండా ఉండదు.

"విజయకుమార్ బాబూ, ఉప్పు చూసే మీటరుందా నీ దగ్గర?"

"ఉందండి. బండి పెట్లోనే ఉంటుంది." ఎందుకని కూడా అడగలేదు. మోటారుసైకిలు పక్క పెట్టెలోంచి జానెడు గొట్టం తెచ్చాడు. డబ్బాలో పుల్ల ముంచి, ఒక్క చుక్క అద్దం మీద వేసి, రేకు మూసి, వెలుతురు వైపు తిరిగి కంటి దగ్గర పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే చేసే పని. చేతులు వాటంతటవే కదిలాయి.

వెనక నుంచి సాలమోను పరిగెత్తుకొచ్చాడు. "వద్దండి బాబుగారూ, వద్దు..."

గొట్టం పట్టుకున్న ఆ చేతి మీద ఎండ పడింది. మణికట్టు నుంచి అరచేతి దాకా ఉన్న ఆ మచ్చని అప్పుడు దగ్గరగా చూశాను. నిప్పుకి కాలితే అలా ఉండదు. అది ఆవిరికి ఉడికిన తోలు. వేడి రేడియేటర్ మూత తిప్పిన ప్రతి మెకానిక్ చేతి మీదా అలాంటిది ఒకటుంటుంది, నా చేతి మీదా ఉంది. ఆపుదామని చెయ్యి చాపాను. ఆలస్యమైపోయింది.

"పద్నాలుగండి," అన్నాడు విజయకుమార్ గొట్టంలోకి చూస్తూనే. "మూడో చెరువు. అదొక్కటే సముద్రం పోటెక్కే పాయ నీళ్ళు, మిగతావి బోరువి. అవి ఆరు, ఏడు దాటవు. ఆ మంగళవారం పొద్దున్న కూడా మూడోది పద్నాలు..."

ఆగిపోయాడు.

గొట్టం కంటి దగ్గర్నుంచి దించలేదు. తాతబ్బాయి స్పానరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి విజయకుమార్ గొట్టం దించి, డబ్బా వంక చూసి, తన చెయ్యి చూసుకున్నాడు.

"ఆవిరొస్తోందండి," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలీదు. "బండికి దారి చూపించడానికి నేను రోడ్డు మీదే ఉన్నాను, వీళ్ళింకా అమ్మని మోసుకొస్తున్నారు. ఖాళీగా నిలబడలేక తువ్వాలేసి మూత తిప్పేను. మూడో చెరువు రోడ్డు పక్కనే కదండీ. బకెట్టు ముంచి పోసేను. దార్లో పనికొస్తాయని డబ్బాక్కూడా పట్టేను. చెరువుకి గాలి కొట్టే మా ఏరియేటర్ల డీజిల్ ఇంజన్ వేడెక్కితే అంతేనండి, చెరువు నీళ్ళే గుమ్మరిస్తాం. రోజూ పోస్తాం. ఏమీ కాదు. అది నాకు గుర్తు కూడా లేదండీ... నీళ్ళు పొయ్యడం కూడా ఓ పనేనా అని..."

"మీ ఇంజన్లు పోత ఇనుమువి బాబూ. తట్టుకుంటాయి," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో! నోరు ఊరుకోదు.

అతను సాలమోను వైపు తిరిగాడు. పదమూడు రోజుల తర్వాత మొదటిసారి మొహంలోకి చూశాడు.

"నువ్వు చూసేవు కదా నన్ను?"

"ఆయ్. గట్టు మీంచి చూసేనండి." సాలమోను కళ్ళు తుడుచుకున్నాడు. "ముందు నాకూ తట్టలేదండి. బండి ఆగేక తట్టింది. అప్పుడు అమ్మగారి చెయ్యి మీ చేతిలో ఉంది. ఎలా చెప్పమంటారు? తల్లి పోయిన మనిషికి, మీ చేత్తోనే అయిందండీ అని ఏ నోటితో చెప్పమంటారు? నన్ను తిడుతుంటే మీకు కొంచెం తేలికవుతోంది కదా, పోనీలే అనుకున్నానండి."

విజయకుమార్ కింద కూలబడిపోయాడు. గుండు మీద రెండు చేతులూ పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. సాలమోను పక్కన కూర్చుని, ముట్టుకోవచ్చో లేదో అని సందేహించి, చివరికి వీపు మీద చెయ్యి వేశాడు. నాకూ కళ్ళు నిండాయి. దాచుకోలేదు.

"మేడమ్ గారూ," అన్నాడు విజయకుమార్. "నేను పొయ్యకపోతే మా అమ్మ బతికేదాండీ?"

ఇరవై ఆరేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. నేను రేడియేటర్ మూత తెచ్చి అతని చేతిలో పెట్టి, లోపలి రబ్బరు వాషరుని గోటితో గీశాను. పొడిపొడిగా రాలింది.

"ఇది చూడు. ఇది ఎండిపోయి ఎన్నాళ్ళయిందో. నీళ్ళు ఆవిరైపోతూ వచ్చింది దీనివల్లే. మీ ఇంటికొచ్చేసరికే బండి సగం ఖాళీ. నువ్వు పొయ్యకపోతే దారిలో ఎక్కడో ఆగేది. ఆగకుండా చేరినా చేరేదేమో. నాకు తెలీదు బాబూ. తెలిసినట్టు చెబితే అది అబద్ధమవుతుంది. ఇవాళ అబద్ధాలు చాలా అయ్యాయి."

అతను ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, తల ఊపాడు.

హరిబాబు ఫైలు తెరిచాడు. తన పాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఏం రాయమంటారు మేడమ్?" అన్నాడు. క్లాసులో అడిగినట్టే అడిగాడు.

"చూసింది రాయి. వాషరు సంగతి కూడా. మీ యజమానికి నచ్చదు, అయినా రాయి."

"రాస్తానండి."

"నా పేరు కూడా రాయండి," అని లేచాడు విజయకుమార్. "నేనే పోసేనని. నా మీద కేసు పెడతారాండీ?"

"పెట్టొచ్చు," అన్నాను. దాచడం నాకు చేతకాదు.

"బాబుగారూ, ఎందుకండీ! నేను ఒప్పేసుకున్నాను కదండీ," అని సాలమోను అడ్డం వచ్చాడు.

విజయకుమార్ మీటరు అద్దం తువ్వాలు కొసతో తుడిచి పెట్టెలో పెట్టాడు. తెల్ల డబ్బా మూత బిగించి నా చేతికిచ్చాడు, ఇది స్టేషన్‌లో ఇవ్వండి అన్నాడు. టైము నాలుగూ ఇరవై అయింది.

మోటారుసైకిలు స్టార్టు చేసి షెడ్డు ముందు ఆపాడు. ఒక కాలు నేల మీద పెట్టి, వెనక్కి తిరిగి, ఇందాకటిదాకా "వీడు" అన్న మనిషిని పిలిచాడు.

"ఎక్కండి సాలమోను గారూ. ఐదింటికల్లా వెళ్ళాలి."